నొక్కుడు కత్తెర

విద్యానగర్‌ల మెట్లకింద మూడడుగుల దుకాణం నాది.
ముందట మిషను, వెనక స్టవ్వు,
నడుమ ఒక పూలకర్టెను.
కర్టెను కండ్లను ఆపుతది గాని
పోపు వాసనను ఆపదు.

మొన్న శ్రావణంల
మామిడిపండు రంగు పట్టుజాకెట్టు అందుకుని
బ్యాంకు మేడమ్ ప్రమీల గారు
హుక్కులు చూడలే, చంకల కుట్టు చూడలే,
ముక్కు దగ్గర పెట్టుకుని
ఒక్కసారి ఊపిరి పీల్చింది.
ఏమీ అనలే.
పైసలిచ్చి పోయింది.

ఆ ఏమీ అనకపోవుడే
మూడు రాత్రులు గుచ్చుకున్నది నాకు,
పక్కబట్టల తప్పిపోయిన గుండుసూదిలెక్క.

సబ్బుతోని కడిగిన. నిమ్మచెక్క రుద్దిన.
స్టీలు చెంచాకు రాస్తే పోతదని నస్రీన్ చెప్పింది,
చెంచాకు ఎక్కింది గాని
నా గోర్లకిందికెల్లి పోలే.
ఎల్లిగడ్డ మానెయ్యరాదు, అన్నరు ఇంకొకరు.
పప్పుకు ఏం సమాధానం చెప్పాలె?

ఆదివారం బేగంబజారు పోయిన,
కొంగుముడిల నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు కట్టుకుని.
గిన్నెల దుకాణం బన్సీలాల్ సేటు
గల్లాపెట్టె మీద మూడు పరిచిండు:
"యే దేఖో, నూటఇరవై. ఇది రెండొందలు.
ఇది... ముందుగాల పట్టి చూడు, ధర తర్వాత."

కత్తెర కొనేటప్పుడు నేను కండ్లు మూసుకుంటా,
తెరిచి మూస్తే కీలు ఏమంటదో వింటా.
మొదటిది గలగలమన్నది. కీలు వదులు,
ఆర్నెల్లకు మూతి వంకరపోతది.
రెండోది తేలిక, మెరుగు;
గోటితోని గీకితే వెండి కింద బూడిద.
ముడి విప్పి ఒక రెబ్బ పెట్టి నొక్కిన:
పిడి వంగింది, రెబ్బ వంగలే,
రసం ఎగిరి సేటు ఖాతాబుక్కు మీద పడ్డది.
"అమ్మా, సగం బాకీలు నానిపోయినయ్!"

మూడోది నా పెద్ద కత్తెరంత బరువు. స్టీలు.
కీలు చప్పుడు చెయ్యలే,
మంచి పదును మల్లుగుడ్డల పోయినట్టు పోయింది.
పొట్టుతోనే పెట్టిన.
సన్నసేమ్యాలెక్క దిగింది గుజ్జు,
పొట్టు లోపల్నే మిగిలింది,
విప్పిన అస్తరులెక్క మడతపడి.
జల్లెడ విడిగ ఊడొస్తదా? వస్తది.
నాలుగొందల ఎనభై.
రెండు జాకెట్ల కూలి.
ఇచ్చిన.

కొత్తదాని బుద్ధి తెలువనీకి పది దినాలు పట్టింది.
మొదటిరోజు పోపుల నొక్కితే
నూనె తాకంగనే గుజ్జు మాడింది,
కుండెడు పప్పు చేదు.
పోపుకు కచ్చాపచ్చా దంచిందే కావాలె,
దానికి నా రాతిరోలే దిక్కు, పొద్దుగాల, గ్లౌజు తొడుక్కుని.
నొక్కుడుది కోడిముక్కలు నానేసేటందుకు,
బెండకాయ వేపుడు దించే ముందర
ఒక్క నొక్కు.
కడుగుడు ఆలస్యమయిందా,
బెజ్జాలల్ల ఎండి సిమెంటయితది.
పదహారో నంబరు సూదితోని
ఒక్కో బెజ్జం పొడిచి తీస్త,
దారం ఎక్కించినంత ఓపికతోని.

ఇప్పుడు నా వేళ్లకు మిషను నూనె వాసనే.
బట్టలకు బట్టల వాసనే.

నిన్న ప్రమీల గారొచ్చింది, రెండు జాకెట్ గుడ్డలు పట్టుకుని.
పాత కొలతలేనా అంటే తల ఊపింది,
కర్టెను దిక్కు చూసింది.
"ఏమమ్మా, వంట మానేసినవా?
ఆ పట్టుజాకెట్టు వేసుకుని పెండ్లికి పోతే
తలంబ్రాల దాకా ఆగలేకపోయిన,
అంత ఆకలి."

సుద్దముక్క చేతుల్నే ఆగింది.
నాకు నవ్వాలెనో తిట్టాలెనో తెలువలే.
కర్టెను జరిపి, గూట్లకెల్లి తీసి
ఆమె చేతుల పెట్టిన.

తెరిచింది. మూసింది.
ముక్కు దగ్గర పెట్టుకున్నది.